అడ్డు తీయడం

కోనసీమలోని మా ముక్తేశ్వరంలో ఎండాకాలాన్ని ఉక్కతో లెక్కవేసుకుంటాం. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీలు దాటిందని పేపర్లో పడుతుంది. అదే రోజు ఇక్కడ 37, 38 ఉంటుంది. అంకె చూసినవాళ్లు కోనసీమ చల్లగా ఉందనుకుంటారు. కాని అక్కడ ఒంటి మీద పుట్టిన చెమట పుట్టినచోటే ఆరిపోతుంది, ఇక్కడ ఆరదు. ఊరిని ఆనుకుని గోదావరి పాయ గౌతమి, చుట్టూ కాలువలు, కాలువల పొడుగునా వరిచేలు, చేల వెనక కొబ్బరితోటలు, ఆ పైన సముద్రం. నీటికి కరువు లేని ఈ నేల మీద గాలి కూడా నీళ్లు మోసుకునే తిరుగుతుంది. చెమట ఆరితేనే ఒంటికి చల్లదనం. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే చెమట వెళ్లడానికి చోటు ఉండదు. కోటిపల్లి వెళ్లే పంటు కోసం రేవులో నిలబడ్డవాళ్లు ఎన్నిసార్లు మెడ తుడుచుకున్నా తువ్వాలు తడుస్తుందే తప్ప మెడ ఆరదు.

వెనకటి ఇళ్లకు ఈ సంగతి తెలుసు. మండువా లోగిళ్లలో కప్పు ఎత్తుగా ఉండేది, పెంకుల సందుల్లోంచి వేడి పైకి పోయేది, మధ్యలోని మండువా గాలిని కదిలించేది. తరవాత స్లాబు ఇళ్లు వచ్చాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసినవాళ్లకు స్లాబు మీద నమ్మకం ఎందుకు పెరిగిందో ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే స్లాబు పగలంతా ఎండను దాచుకుని రాత్రంతా గదిలోకి దింపుతుంది. పొడి ఊళ్లలో ఎయిర్ కూలరు ఆదుకుంటుంది, వట్టివేళ్ల తడికలు ఆదుకుంటాయి. నీళ్లను ఆవిరిచేసి చల్లబరచే ఆ పద్ధతి ఇప్పటికే తడిసి ఉన్న మా గాలిలో సాగదు. కూలరు తిప్పితే గదిలో ఉక్క ఇంకా పెరుగుతుంది. అందుకే ఒకప్పుడు కలిగినవాళ్ల ఇళ్లకే పరిమితమైన ఏసీ ఇవాళ మా ఊళ్లో పెద్ద వయసువాళ్లో, పసిపిల్లలో ఉన్న ప్రతి ఇంటా ఒక గదిలోకైనా చేరుతోంది. దాన్ని విలాసం అని నేను అనలేను. రాత్రి నిద్రపట్టని ముసలివాళ్ల గుండె పడే శ్రమ చూసినవాళ్లు ఎవరూ అనలేరు.

ఈ యంత్రం పుట్టుక కూడా మా కష్టం లాంటి కష్టంలోంచే. 1902లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో సాకెట్ విల్‌హెల్మ్స్ అనే అచ్చు కంపెనీకి వేసవి తేమతో చిక్కొచ్చింది. కాగితం తేమ పీల్చుకుని సాగేది, గాలి పొడిబారితే కుదించుకుపోయేది. ఒక రంగు అచ్చువేశాక రెండో రంగు వేసేసరికి రెండూ ఒకదాని మీద ఒకటి కుదిరేవి కావు. 25 ఏళ్ల ఇంజనీరు విల్లిస్ క్యారియర్ ఆ పని చేపట్టాడు. చల్లని గొట్టాల చుట్టల మీదుగా గాలిని పోనిస్తే గాలిలోని నీరు గొట్టాల మీద చెమర్చి కిందికి కారిపోతుందనీ, గొట్టాల చల్లదనాన్ని అదుపులో పెడితే గాలిలో ఎంత తేమ మిగలాలో మనమే నిర్ణయించవచ్చుననీ అతను పట్టుకున్నాడు. ఆ గొట్టాల చుట్టే కాయిల్. తేమ తీయడమే దాని తొలి పని. కోనసీమలో ఇవాళ్టికీ అదే దాని పెద్ద పని.

ఆ పని ఎంత బరువైనదో బడిలో భౌతికశాస్త్రం చెప్పిన రోజుల నుంచీ పిల్లలకు లెక్కగట్టి చూపించడం నాకు ఇష్టం. గాలిలో ఉన్న, లీటరు నీటికి సరిపడా ఆవిరిని మళ్లీ నీరుగా మార్చాలంటే దానిలోంచి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి తీయాలి. 12 అడుగుల పొడవు, అంతే వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిలోని గాలి మొత్తాన్ని 10 డిగ్రీలు చల్లబరచడానికి తీయాల్సిన వేడి 500 కిలోజౌళ్లకు లోపే. అంటే డ్రెయిన్ పైపులోంచి బకెట్లో పడే ఒక్కో లీటరు నీటి వెనకా గదిలోని గాలిని అయిదుసార్లు చల్లబరచేంత శ్రమ ఉంది. తేమ ఎక్కువున్న రాత్రి ఏసీ గంటకు లీటరుకు పైగా నీళ్లు తీయగలదు. ఆ బకెట్ చూస్తే మా గాలి ఎంత బరువు మోస్తోందో తెలుస్తుంది.

ఇంతా జరిగేది కాయిల్ పైపొర మీద. గోడకు తగిలించిన ఇండోర్ యూనిట్ మూత ఎత్తి ఫిల్టరు జాలీ తీస్తే వెనక సన్నటి అల్యూమినియం రేకులు వరసగా కనిపిస్తాయి. ఒక్కొక్కటి కాగితం మందం. రేకుకూ రేకుకూ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు. వాటిని దూసుకుంటూ రాగి గొట్టాలు, గొట్టాల్లో గ్యాసు. అన్ని రేకులు ఎందుకంటే గాలి తగిలే చోటు పెరగాలని. చల్లదనం అనే సరుకును ఏసీ ఎక్కడా తయారుచెయ్యదు. గదిలోని వేడి రేకుల ద్వారా గ్యాసులోకి పోతుంది, గ్యాసు దాన్ని గోడ అవతలికి మోసుకెళ్తుంది, అక్కడ అవుట్‌డోర్ యూనిట్‌లోని రెండో కాయిల్ ఆ వేడిని బయటి గాలికి అప్పజెబుతుంది. ఏసీ టన్నులన్నీ ఈ మోతకు కొలతలే. వెనక మంచుగడ్డలతో చల్లబరచే కాలంలో పుట్టిన లెక్క అది. 24 గంటల్లో సుమారు 907 కిలోల మంచును కరిగించేంత వేడిని తీయగలిగితే ఒక టన్ను. ఒకటిన్నర టన్నుల ఏసీ నిండుగా పనిచేస్తే రోజుకు 1,360 కిలోల మంచు చేసేంత పని చేస్తుంది. ఆ వేడంతా వెళ్లాల్సింది మిల్లీమీటరు సందుల్లోంచి.

ఆ సందుల్లోకి మా ఊరి గాలి ఏమేం తెస్తుందో చూడండి. రెండో పంట దాళ్వా కోతలప్పుడు వరి నూగు. తరవాత చేలో కాల్చిన గడ్డి మసి. అంబాజీపేట వైపు కొబ్బరి పీచు కొట్టే చోట్ల నుంచి సన్నటి పొట్టు. లంకల మీంచి గాలి తిరిగితే ఇసుక. ఇటుక బట్టీల బూడిద. ఇంటి లోపలి నుంచి తిరగమోత నూనెపొగ, అగరొత్తుల పొగ, దుప్పట్ల నూలు, దోమల చక్రం మసి. పొడి ఊళ్లో దుమ్ము దుమ్ముగానే ఉంటుంది, దులిపితే రాలుతుంది. ఇక్కడ కాయిల్ ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి పడిన దుమ్ము పడినట్టే మెత్తబడి రేకులకు పట్టుకుంటుంది. నూనెపొగ దానికి జిగురవుతుంది. కొన్నాళ్లకు ఆ తడిలో బూజు పుడుతుంది. ఏసీ వేసిన మొదటి నిమిషంలో ముక్కుకు తగిలే ముక్క వాసన అదే. ఆ గాలిలోనే పసిపిల్ల పడుకుంటుంది, ఉబ్బసం ఉన్న ముసలాయన పడుకుంటాడు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది దుమ్ము కన్నా దాన్ని మనం గుర్తించని తీరు. ఫ్యాను ఆగిపోతే తెలుస్తుంది, బల్బు పోతే తెలుస్తుంది. కాయిల్ మూసుకుపోవడం తెలియదు. ఏ రోజుకారోజు నిన్నటిలాగే ఉంటుంది. గది చల్లబడటానికి పట్టే సమయం కొంచెం కొంచెంగా జరుగుతుంది, కరెంటు బిల్లు కొంచెం కొంచెంగా పెరుగుతుంది, ఎండలు ముదిరాయి కాబోలు అనుకుంటాం. అప్పుడు మన చేయి రిమోటు మీదికి పోతుంది. 26 నుంచి 24కి, 24 నుంచి 20కి, చివరికి 18కి. ప్రతి ఇంట్లోనూ ఇదే దారి.

ఆ అంకె ఏం చేస్తుందో తెలిస్తే చేయి ఆగుతుంది. పాత రకం ఏసీలో కంప్రెసరు తిరిగినంతసేపూ ఒకే బలంతో తిరుగుతుంది. 24 పెట్టినా 18 పెట్టినా గది చల్లబడే వేగం మారదు, ఎక్కడ ఆగాలో మాత్రం మారుతుంది. ఇన్వర్టరు రకం తన వేగం పెంచుకోగలదు, దానికీ ఒక పరిమితి ఉంది. మూసుకుపోయిన కాయిల్ మీద ఈ ఒత్తిడి ఎదురుతిరుగుతుంది. రేకుల మధ్య గాలి సరిగా ఆడకపోతే గ్యాసుకు అందాల్సిన వేడి అందదు. కాయిల్ సున్నా డిగ్రీల కిందికి జారుతుంది, దాని మీద చెమర్చిన నీరు గడ్డకడుతుంది. ఆ మంచు మిగిలిన సందులనూ మూసేస్తుంది. అప్పుడు కాయిల్ మంచుగడ్డలా ఉన్నా గది ఉడుకుతూనే ఉంటుంది. ఎక్కువ అడిగినకొద్దీ తక్కువ వస్తుంది. యంత్రాన్ని మనం కోరుతున్నది పనే అయినా, ఆ పనికి దారి మూసి ఉంచి కోరుతున్నాం.

డెల్టాలో పుట్టినవాడికి ఈ సంగతి కాలువ గట్టు మీదే అర్థం కావాలి. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి కాటన్ దొర గోదావరి నీళ్లను పొలాలకు మళ్లించాడు. ఆయన విగ్రహం లేని ఊరు ఈ జిల్లాల్లో వెతికితే గాని దొరకదు. ఆనకట్ట ఒకసారి కట్టారు, తరవాత దాని చోట బ్యారేజీ కట్టారు. కాలువల్లో పూడిక మాత్రం ఏటా తీయాల్సిందే. దాళ్వా కోతలు కాగానే కాలువలు కట్టేస్తారు. ఎండిన కాలువలోకి దిగి మట్టి తీయాలి, గుర్రపుడెక్క లాగాలి, తూములు బాగుచేయాలి, తొలి పంట సార్వాకు మళ్లీ నీరు వదిలేలోగా ఇదంతా అయిపోవాలి. ఆ పని సరిగా జరగని ఏడాది శివారు రైతు తూము దగ్గర నిలబడి ఎదురుచూస్తాడు. పైనుంచి నీరు ఎక్కువ వదలమని అడుగుతాం. వదులుతారు. పూడిన కాలువ ఆ నీటిని మోయలేక ఎగువనే గట్లు తెంచుకుంటుంది, శివారు బోదె ఎండినట్టే ఉంటుంది. నీరు లేక కాదు, నీటికి దారి లేక.

మురుగు కాలువల మాట కూడా అంతే. కోనసీమ పొలానికి నీరు రావడం ఎంత ముఖ్యమో పోవడం అంత ముఖ్యం. 2011 సార్వాలో ఇక్కడి రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర, కూలీల ఖర్చులతో పాటు వాన పడితే నీరు దిగని చేల గోడు కూడా గట్టిగా వినిపించింది. మోహన్ కందా నాయకత్వంలో ప్రభుత్వం కమిటీ వేసే దాకా వెళ్లింది ఆ వ్యవహారం. ఏసీలోనూ రెండు దారులున్నాయి. వేడి బయటికి పోయే దారి, నీరు బయటికి పోయే దారి. కాయిల్ కింది తొట్టిలో జిగురు పేరుకుని డ్రెయిన్ పైపు మూసుకుపోతే ఆ నీరు గోడ మీదుగా మంచం మీదికి కారుతుంది. తేమ తక్కువున్న ఊళ్లో ఇది ఎప్పుడో వచ్చే ఇబ్బంది. ఇక్కడ రోజూ బకెట్ల కొద్దీ నీరు దిగే పైపు అది.

మా ఇంటికి వచ్చే ఏసీ కుర్రాడు మస్కట్‌లో పని నేర్చుకున్నవాడు. గల్ఫ్ నుంచి డబ్బు తెచ్చినవాళ్లను కోనసీమ ఎప్పటి నుంచో చూస్తోంది. ఇలాంటి పనితనం తెచ్చినవాళ్లను మాత్రం మనం అంతగా లెక్కపెట్టలేదు. ఎడారి దుమ్ము, సముద్రపు ఉప్పు, 50 డిగ్రీలకు చేరువయ్యే ఎండ మూడూ ఉన్న చోట యంత్రాన్ని బతికించడం నేర్చుకున్న చేతులవి. ఒకసారి గది చల్లబడటం లేదని పిలిపించాను. ఇంట్లోవాళ్లు గ్యాసు నింపమన్నారు. అతను మూత తీసి టార్చి వేసి చూశాడు.

"గ్యాసు సరిగ్గానే ఉందండి మాస్టారూ. దీనికి ఊపిరాడట్లేదండి, అంతే."

"మరి అందరూ ఏటా గ్యాసు పట్టిస్తున్నారు కదా అబ్బాయ్?"

"గ్యాసు పెట్రోలు కాదండి, వాడితే అయిపోడానికి. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడ్డట్టేనండి. చిల్లు మూయకుండా పోస్తే మళ్లీ పోద్దండి."

ఈ నాలుగు మాటలూ ప్రతి ఏసీ ఉన్న ఇంట్లో గోడ మీద రాసిపెట్టుకోదగ్గవి. గొట్టాల్లో తిరిగే గ్యాసు మూసిన చుట్టలో తిరుగుతుంది. ద్రవంగా మారుతుంది, ఆవిరిగా మారుతుంది, మళ్లీ ద్రవమవుతుంది, తరగదు. సరిగా బిగించిన ఏసీకి ఏళ్ల తరబడి గ్యాసు పట్టించే అవసరం రాకూడదు. తగ్గిందంటే అతుకు దగ్గరో, వంపు దగ్గరో కారుతోంది. కొన్నిసార్లు ఆ చిల్లు కంటికి ఆనదు. జిగురుల్లోంచి, చెక్క సామానులోంచి, వంటింటి పులుపు ఆవిర్లలోంచి వచ్చే ఫార్మిక్, ఎసిటిక్ ఆమ్లాల ఛాయలు తేమతో కలిసి రాగిలోపల చీమలు తొలిచిన దారుల్లాంటి సన్నటి సొరంగాలు చేస్తాయి. రేకుల మీద మురికి పేరుకుంటే ఆ తేమా ఆ ఆమ్లాలూ గొట్టాన్ని అంటిపెట్టుకుని ఉండిపోతాయి. కాయిల్‌ను శుభ్రంగా ఉంచడం గ్యాసును నిలబెట్టుకోవడంలో భాగం కూడా.

బయటికి పోయిన గ్యాసు ఆకాశంలో ఏం చేస్తుందో కూడా మన లెక్కలోకి రావాలి. పాత ఏసీల్లోని ఆర్-22 ఓజోన్ పొరను తింటుంది. 1987 మాంట్రియల్ ఒప్పందంతో మొదలైన ప్రయత్నంలో అలాంటి గ్యాసులను ప్రపంచమంతా విడతలుగా వదిలించుకుంటోంది. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువు కన్నా దాదాపు 1,800 రెట్లు. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వస్తున్న ఆర్-32 ఓజోన్ జోలికి పోదు గాని వేడెక్కించడంలో 675 రెట్లు. అందుకే 2016లో కిగాలీలో కుదిరిన సవరణ ఈ రెండో తరహా గ్యాసులను కూడా తగ్గించమంటోంది. ఏటా చిల్లు మూయకుండా గ్యాసు నింపించుకునే ఇల్లు డబ్బు ఒక్కటే పోగొట్టుకోవడం లేదు.

కాయిల్ సంరక్షణలో ఇంటివాళ్లు చేయగలిగింది చాలా ఉంది, అందులో పెద్ద చదువు అక్కరలేదు. ముందు మెయిన్ స్విచ్చి కట్టెయ్యాలి. రిమోటుతో ఆపితే చాలదు. ఫిల్టరు జాలీలను వాడకం ఎక్కువున్న నెలల్లో రెండు వారాలకోసారి తీసి, దుమ్ము పట్టిన వైపుకు వెనక నుంచి కొళాయి నీళ్లు పోనిచ్చి కడిగి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి పెట్టాలి. ఎండలో పెడితే ప్లాస్టిక్ వంగిపోతుంది. రేకుల మీద పైపైన ఉన్న దుమ్మును మెత్తని కుంచెతో రేకుల నిలువు వెంబడే దువ్వాలి. అడ్డంగా ఒక్కసారి రాసినా కాగితం మందం రేకులు వంగి సందులు మూసుకుంటాయి. వంగినవాటిని నిలబెట్టడానికి మెకానిక్కుల దగ్గర దువ్వెన ఉంటుంది. రాత్రి వాడకం అయ్యాక ఏసీ కట్టేముందు కాసేపు ఫ్యాను మోడులో తిప్పితే తడి కాయిల్ ఆరుతుంది, బూజుకు చోటు తగ్గుతుంది. కొత్త ఏసీల్లో ఆటో క్లీన్ అని ఉండేది ఎక్కువగా ఈ ఆరబెట్టే పనే. మా తేమకు ఈ చిన్న అలవాటు ఎంతో మేలు.

లోతుగా కడగడం మాత్రం తెలిసినవాళ్ల చేతే చేయించాలి. కరెంటు తీసేశాక కూడా కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉంటుంది. ఆర్-32 కొద్దిగా మండే గుణమున్న గ్యాసు. మంచి మెకానిక్కు ఇండోర్ యూనిట్ కింద సంచి కట్టి, సర్క్యూట్ బోర్డు తడవకుండా కప్పి, కాయిల్ మీద నురగ మందు చల్లి మురికి నాననిచ్చి, ఒత్తిడి తగ్గించిన నీటితో నిదానంగా కడుగుతాడు. వెనక తిరిగే బ్లోయర్ రెక్కల మధ్య పేరుకున్న నల్లటి పొరను తీస్తాడు. చివర డ్రెయిన్ తొట్టిలో నీళ్లు పోసి పైపులోంచి ధారగా దిగుతోందో లేదో చూస్తాడు. త్వరగా తెల్లబడుతుందని ఘాటైన యాసిడ్ కొట్టనివ్వకూడదు. మురికితో పాటు అల్యూమినియాన్ని కూడా అది తింటుంది.

ఏ నీటితో కడుగుతున్నామన్నది కోనసీమలో అడగాల్సిన ప్రశ్న. సముద్రం వైపు ఊళ్లలో చాలాచోట్ల బోరు నీరు ఉప్పన. ఆ నీటితో కాయిల్ కడిగితే నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. రాగి, అల్యూమినియం రెండూ అంటుకుని ఉన్నచోట ఉప్పుతేమ చేరితే అల్యూమినియం తెల్లని పిండిలా రాలిపోవడం మొదలవుతుంది. ఓడలరేవు, అంతర్వేది వైపు అవుట్‌డోర్ కాయిల్ రేకులు ముట్టుకుంటే పొడి అయ్యేది ఇందుకే. అక్కడివాళ్లు నీలంరంగు పూత ఉన్న కాయిల్ చూసి కొనుక్కోవడం మంచిది, పూత ఉన్నా అప్పుడప్పుడూ మంచినీళ్లతో ఉప్పు కడిగెయ్యాలి. ముక్తేశ్వరం నది పక్క ఊరు కాబట్టి మాకు ఆ కోత కొంత తక్కువ. అయినా కుళాయిలో వచ్చే మంచినీళ్లతోనే కడిగించుకుంటే నష్టం లేదు.

అవుట్‌డోర్ యూనిట్‌ను మనం కంటికి కనబడకుండా పెట్టాలనుకుంటాం. వెనక సందులో, రెండు గోడల నడుమ, ఒక్కోసారి మెట్ల కింద. ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోంచి తీసిన అయిదు కిలోవాట్ల వేడికి తను వాడుకున్న కరెంటు వేడి కూడా కలిపి ఆ పెట్టె బయటికి నెట్టాలి. ఎదురుగా గోడ ఉంటే నెట్టిన వేడిగాలే తిరిగి లోపలికి వస్తుంది. పైగా దాని వెనక రేకులకు ఫిల్టరు జాలీ ఉండదు. కొబ్బరి పీచుతో ఉడత గూడు కడుతుంది, కందిరీగలు తుట్టె పెడతాయి, బల్లి దూరి సర్క్యూట్ బోర్డు కాలిపోతుంది. కొబ్బరిచెట్టు నీడన పెట్టినా ఎదుట ఖాళీ వదిలి, ఎండుటాకులు ఊడ్చి, వేసవికి ముందొకసారి, దాళ్వా నూగు అణిగాక మరోసారి కడిగిస్తే కంప్రెసరు ఆయుష్షు నిలబడుతుంది. ఏసీలో ఖరీదైన భాగం అదే. మూసుకుపోయిన కాయిల్ వేడిని వదలలేకపోతే ఆ భారమంతా మోసేది కూడా అదే.

2020 జనవరి నుంచి దేశంలో అమ్మే గది ఏసీలన్నీ వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని ఇంధన సామర్థ్య బ్యూరోతో సంప్రదించి కేంద్రం నిబంధన తెచ్చింది. మంచి నిబంధన. అయితే ఆ అంకె దగ్గర గది నిజంగా చల్లబడటానికి కావలసిన సగం పని ప్రభుత్వం చేతిలో లేదు, మన ఫిల్టరు జాలీలో ఉంది. కాయిల్ శుభ్రంగా ఉండి తేమ బాగా లాగితే 26 దగ్గర ఫ్యాను తిప్పుకుని మా ఊళ్లో హాయిగా నిద్రపోవచ్చు. చెమట ఆరడం మొదలైతే ఒంటికి అంతకన్నా చలి అక్కరలేదు. పగలంతా కాలిన స్లాబులు రాత్రి వేడి దింపే వేళ వీధి మొత్తం ఒకేసారి ఏసీలు వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే బరువులో కొంత మూసుకుపోయిన కాయిల్‌లది. ఆ బరువు తగ్గితే ఏసీ లేని ఇంటి ఫ్యాను కూడా బలంగా తిరుగుతుంది.

బడిలో గడిపిన ఏళ్లలో అడ్డు తీయకుండా ఒత్తిడి పెంచే ఇదే పొరపాటు చాలా ఇళ్లలో, చాలా తరగతి గదుల్లో చూశాను. వెనక బెంచీలో కూర్చున్న పిల్లకు లెక్కలు రావడం లేదంటే ట్యూషన్ పెడతారు. ఇంకా రాకపోతే రెండో ట్యూషన్, తెల్లవారుజామున లేపడం, దెబ్బలు. ఆ పిల్లకు నల్లబల్ల కనపడటం లేదని ఎవరో కంటి శిబిరంలో చెబుతారు. కళ్లజోడు పెట్టాక అదే పిల్ల అదే పాఠం రాసుకుంటుంది. తెలివి ముందు నుంచీ ఉంది, దారి లేదు. ఆ లోపల ఆమె మీద పెంచిన ప్రతి గంటా ఆమెకు చదువంటే భయాన్నే పెంచింది. పని జరగనప్పుడు మన చేతికి ముందు దొరికేది ఒత్తిడి. అడ్డు ఎక్కడుందో వెతకడానికి మూత తీసి లోపలికి చూడాలి. అందుకు ఓపిక కావాలి, చేతికి మురికి అంటుకుంటుంది, చేశాక గొప్పగా చూపించుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే ఆ పని వెనకబడుతుంది.

కొత్త ఏసీ కొన్న ఇంటికి చుట్టాలు చూడటానికి వస్తారు. పాత ఏసీ కాయిల్ కడిగించుకున్న ఇంటికి ఎవరూ రారు. ఒకటిన్నర చాలడం లేదని రెండు టన్నులది కొనడానికి అమలాపురం వెళ్లేముందు, పాతదాన్ని తెలిసినవాడి చేత పూర్తిగా కడిగించి ఒక రాత్రి దాని కింద పడుకుని చూడమని నేను ఊళ్లో అందరికీ చెబుతుంటాను. చాలామందికి ఆ ప్రయాణం అవసరం పడలేదు. పది నిమిషాల్లో నీళ్లు చల్లి వెళ్లిపోయేవాడికీ, గంటపాటు ఒంగి రేకు రేకూ కడిగేవాడికీ ఒకే కూలి ఇవ్వకండని కూడా చెబుతాను. ఆ గంట పనికి మనం విలువ ఇస్తేనే ఆ పని చేసే కుర్రాళ్లు ఈ ఊళ్లో నిలబడతారు.

క్షణ ముక్తేశ్వరస్వామి కోవెలలో శివరాత్రి జనం తగ్గాక, ఉగాది పచ్చడికి వేపపువ్వు కోసేలోగా, ఏసీ ఉన్న ప్రతి ఇల్లూ ఈ పని ముగించుకుంటే బాగుంటుంది. అప్పటికింకా ఉక్క మొదలవదు, మెకానిక్కు తీరికగా దొరుకుతాడు, కడిగిన యంత్రం ఎండలకు సిద్ధంగా ఉంటుంది. ఎక్కువ నీరు, ఎక్కువ చల్లదనం, ఎక్కువ మార్కులు కావాలని అడిగే హక్కు అందరికీ ఉంది. ఉన్నదానికి పనిచేసే దారి ఇచ్చామా అన్న ప్రశ్న దానికన్నా ముందు వేసుకోవాల్సింది. ఆ ప్రశ్నకు జవాబు ఏటా మారుతుంది, ఎందుకంటే పూడిక ఏటా చేరుతుంది. అందుకే తీయడం కూడా ఏటా చేయాల్సిన పని.